కోతకు ఎంచిన బండి

బ్యూలా విండ్‌ఫోగెల్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఒక్కో మాటా విడిగా, కుట్టు అయ్యాక దారం తెంపినట్టు వస్తుంది. దక్షిణాఫ్రికాలో యూటెన్‌హేగ్ కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే షాపులో ఆమె పక్క మిషను నాది. రోజ్‌డేల్‌లో ఆమె పక్కిల్లూ మాదే. కనుక ఆ కోపాన్ని పగలు మిషను మీదుగానూ, సాయంత్రం కంచె మీదుగానూ చూసినదాన్ని.

ఒకసారి ఒక ఫోర్‌మన్, "మీ ఆడవాళ్లు మిషన్ల కన్నా నోళ్లు ఎక్కువ ఆడిస్తారు" అన్నాడు. బ్యూలా మిషను ఆపింది. "సార్, ఆ మాట ఇంకోసారి చెప్పండి. కొంచెం గట్టిగా. చివరి వరసలో వాళ్లకి వినపడలేదు" అంది. షాపంతా మిషన్లు ఆగాయి. అతను చేతిలో కాగితాలు చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె పుట్టింది కర్క్‌వుడ్ నారింజ తోటల్లో. తండ్రి దొర ట్రాక్టరు నడిపేవాడు. ఆదివారం దొర చర్చికి వెళ్లగానే తండ్రి ఒళ్లో కూర్చుని తోట చుట్టూ ట్రాక్టరు తిప్పేది. అందుకే మా వీధిలో మగవాళ్లు కూడా చాలామంది బస్సెక్కే రోజుల్లోనే ఆమెకి బండి నడపడం వచ్చు.

ఆ విద్యతో పని పడింది ఊర్సులా వల్ల. ఊర్సులా మా షాపులో అందరికన్నా చిన్నది. ఫ్యాక్టరీ బస్సు రోజ్‌డేల్ లోపలికి రాదు. మెయిన్ రోడ్డు మీద దించి పోతుంది. అక్కణ్నుంచి ముళ్ల పొదల మైదానం దాటి ఇళ్లకి రావాలి. సెకండ్ షిఫ్టు దిగి ఆ మైదానంలోకి నడిచిన ఊర్సులా ఒక రాత్రి ఇంటికి చేరలేదు. తెల్లారాక చేరింది. ఏం జరిగిందో ఆమె మాతో చెప్పలేదు, మేం అడగలేదు. పోలీసులు అడిగారు. వాళ్లు అడిగిన తీరుకి ఆమె మళ్లీ ఆ విషయంలో నోరు విప్పలేదు.

ఆ నెలలోనే బ్యూలా కారు కొంటానంది. మా ఫ్యాక్టరీ బీటిల్ కార్లు చేయడం ఆపేస్తున్న రోజులవి. ఆఖరి బండ్లలో ఒకటి, లేత పసుపు రంగుది, పనివాళ్లకిచ్చే వాటాలో ఆమెకి వచ్చింది. అమ్మకాల గదిలో గుమస్తా కాగితాల మీద ఆమె భర్త డెన్జిల్ పేరు రాశాడు. పెళ్లయిన ఆడదాని సంతకం ఒక్కటే చెల్లదన్నాడు. ఆమె జీతంలోంచి నెలనెలా కోసుకునే బండి అలా డెన్జిల్ విండ్‌ఫోగెల్‌దయింది.

"పేరు వాళ్లనే ఉంచుకోమను. తాళం నా దగ్గరుంది" అంది బ్యూలా ఆ రోజు.

అప్పట్నుంచీ మా నలుగురికీ ఆ బండిలో చోట్లు ఖాయం. నడిపేది బ్యూలా. ఆమె పక్కన మా షాపులోనే కుట్టే ఆంటీ డోర్కస్, ఆమెవి వాపు మోకాళ్లు కనుక ముందు సీటు. వెనక నేనూ ఊర్సులా. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు బ్యూలా ఎవరినీ గేటు దగ్గర వదిలేసి పోదు. తలుపు తీసి, లోపల దీపం వెలిగేదాకా ఇంజను ఆపకుండా చూస్తుంది. ఊర్సులా ఇంటి దగ్గర ఇంకొంచెంసేపు.

డెన్జిల్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. తాగి కొట్టే రకం కాదు, జీతం దాచే రకం కాదు. అదే ఫ్యాక్టరీలో ఎడమ తలుపులు బిగించేవాడు. రోజంతా బండ్లు ఎదురుగా కదిలిపోతుంటే ప్రతి బండికీ ఒక ఎడమ తలుపు. కుడి తలుపు అవతల వైపు ఇంకొకడిది. "నా చేతి మీదుగా పోయిన కార్లని వరసగా నిలబెడితే కేప్‌టౌన్ దాకా పోతాయి. వాటిలో ఒక్కటీ నేను చేసింది లేదు" అనేవాడు. ఎప్పటికైనా ఒక కారు మొదట్నుంచి చివరిదాకా తన చేత్తో చేయాలని ఉండేది.

అది తెలిసినవాడు అతని స్నేహితుడు హెక్టర్. లైను మీద డెన్జిల్ పక్కనే వెల్డింగు పని. అతనే మొదట కిట్ల పుస్తకాలు తెచ్చాడు. ఎప్పుడో కొన్నాళ్లు చేసి ఆపేసిన రేసు కార్లు, ఇప్పుడు కోటీశ్వరుల గ్యారేజీల్లో తప్ప దొరకనివి, వాటికి నకలు ఫైబర్‌తో పోత పోసి అమ్ముతారు. డొప్ప, అద్దం, దీపాలు ఇస్తారు. మిగతావి నువ్వు తెచ్చుకుని ఇంటి దగ్గర కట్టుకోవాలి. పోర్ట్ ఎలిజబెత్ చుట్టుపక్కల అలా పోత పోసే షెడ్లు అప్పట్లో రెండు మూడుండేవి.

ఆ చలికాలమంతా డెన్జిల్ వంటింటి బల్ల మీద ఆ పుస్తకాలే. డెన్జిల్, హెక్టర్, డెన్జిల్ తమ్ముడు స్టోఫెల్, ఇంకా మా ఆయన ఐజాక్. నలుగురూ అల్లం బీరు తాగుతూ కూర్చుని కారు ఎంచేవాళ్లు. పిల్లకి సంబంధం చూసే పెద్దల్లా ఒక్కోదానికీ వంకలు పెట్టేవాళ్లు.

ముందు ఇటాలియన్‌ది పోయింది. కోడిపెట్ట పొదిగినట్టు నేలకి అతుక్కుని ఉండే బండి అది. పోర్ట్ ఎలిజబెత్ షెడ్డులో డెన్జిల్ దాన్లోకి దూరి చూశాడు. దూరడం దూరాడు గాని, బయటికి లాగడానికి ఇద్దరు పట్టారు.

"అన్నా, నీకు బండి కాదు, బండికి నువ్వు కొలత కుదరలేదు" అన్నాడు స్టోఫెల్.

"నోరు ముయ్‌రా. ఆ సీటే ఇరుకు."

"సీటుదేముంది పాపం, వదిన పెట్టే మాంసం కూర అలాంటిది."

తర్వాత అమెరికన్‌ది. పాము పేరున్నది. పెద్ద ముక్కు, వెడల్పు చక్రాలు, ఎనిమిది సిలిండర్లు. వీధిలో మగపిల్లలందరి గోడల మీదా ఉండేది దాని బొమ్మే. డెన్జిల్ ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇంజను ఎక్కడిది?" అన్నాడు హెక్టర్.

ఆ ఇంజను పోర్ట్ ఎలిజబెత్‌లో అమెరికన్ ఫ్యాక్టరీది. మా ఊరు జర్మన్ ఫ్యాక్టరీది. అవతలి ఫ్యాక్టరీ బండిలో వచ్చిన అల్లుణ్ని, దాన్ని గేటు బయటే పెట్టి రమ్మనే మామలు మా రోజ్‌డేల్‌లో ఉన్నారు.

"నువ్వు ఆ ఇంజను నీ వాకిట్లోకి తెస్తే," అన్నాడు హెక్టర్, "సోమవారం లైను మీద నీ పక్కన నేన్నిలబడను. ముందే చెప్తున్నా."

"ఇంజనుకి కులమేంట్రా?" అన్నాడు డెన్జిల్. కానీ పేజీ తిప్పేశాడు.

అలా మిగిలింది చిన్న జర్మన్ బండి. గుండ్రంగా, పైకప్పు లేకుండా, రెండే సీట్లతో ఉంటుంది.

"ఇది స్నానం చేసే తొట్టెలా ఉందేంటన్నా?" అన్నాడు స్టోఫెల్.

"తొట్టె కాదు. మన బీటిల్‌కి పెదనాన్న కొడుకు. ఒకటే రక్తం."

హెక్టర్ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. "దీనికి వేరే చాసిస్ అక్కర్లేదు డెన్జిల్. బీటిల్‌కి బోల్టులు విప్పితే పైడొప్ప ఊడొస్తుంది కదా. చక్రాలు, ఇంజను, గేర్లు అన్నీ కింద బండి ఇనప నేలతోనే ఉంటాయి. ఆ నేలని మధ్యలో జానెడు కోసి, పొట్టి చేసి అతికితే ఈ డొప్ప దాని మీద చక్కగా కూర్చుంటుంది. అతకడం నా పని."

నేను ఆ సాయంత్రం బ్యూలా దగ్గర ఈస్టు అప్పు తీసుకోడానికి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"బీటిల్ నేల ఎక్కణ్నుంచొస్తుంది?"

నలుగురిలో ఒకడైనా పుస్తకం మీంచి తల ఎత్తలేదు.

"పాత ఇనప యార్డుల్లో చూస్తాం" అన్నాడు డెన్జిల్.

"చూడండి. అన్ని యార్డులూ చూడండి. నా వాకిట్లోకి మాత్రం చూడకండి."

"ఎవరు చూశారిప్పుడు?"

"హెక్టర్ చూశాడు. కిటికీలోంచి. రెండుసార్లు."

హెక్టర్ అల్లం బీరు గ్లాసులోకి చూసుకున్నాడు.

యార్డులకి వెళ్లారు, అబద్ధం కాదు. సముద్రం గాలికి అక్కడున్న బీటిళ్లన్నీ తుప్పు. ఒకదాని నేల మీద ఐజాక్ వేలు పెడితే అవతలికి దూరిందట. ఇంటికొచ్చి వేలు చూపించి నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత వారాల్లో డెన్జిల్ బ్యూలా బండిని మెచ్చుకోవడం మొదలెట్టాడు. నేల బిస్కెట్ల డబ్బాలా పొడిగా ఉందనేవాడు, ఇలాంటిది జిల్లాలో ఇంకోటి లేదనేవాడు. శనివారాలు కడిగేవాడు కూడా.

బ్యూలా మిషను మీద ఉండగా నాతో అంది, "డెన్జిల్ నా బండి కడుగుతున్నాడు మార్లీన్."

"మంచిదేగా. మా ఆయన పళ్లెం కూడా కడగడు."

"క్రిస్మస్‌కి ముందు గొర్రెకి మేత పెట్టడం నువ్వు చూళ్లేదా?"

అదే సాయంత్రం ఆమె డెన్జిల్‌ని నిలబెట్టి అడిగింది. కంచె ఇవతల బట్టలు తీస్తున్న నాకు ప్రతి మాటా వినపడింది.

"నా బండి కోస్తావా?"

"కొయ్యను."

"నా మొహం చూసి చెప్పు."

"కొయ్యనన్నాను కదా బ్యూలా. మాటిమాటికీ అదే ఏంటి?"

మొహం చూసి చెప్పాడో లేదో బట్టల అడ్డంలో నాకు కనపడలేదు.

వసంతంలో ఒక శనివారం మా చర్చి ఆడవాళ్ల సమావేశం పడింది. మగవాళ్లు ఆ రోజు రగ్బీ మైదానానికి పోవాలి. మా ఊళ్లో శనివారం మధ్యాహ్నం రగ్బీకి పోని మగవాడికి జ్వరమైనా ఉండాలి, చావైనా అయ్యుండాలి. మేం నలుగురం తెల్ల జాకెట్లు, నల్ల లంగాలు, తెల్ల టోపీలు వేసుకుని బయల్దేరేసరికి డెన్జిల్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మ్యాచికి పోవా?" అంది ఆంటీ డోర్కస్.

"పోతా ఆంటీ. ఇంకా టైముంది."

చర్చి రెండు వీధుల అవతలే. నడిచే వెళ్లాం.

తిరిగొచ్చేటప్పుడు వీధి మలుపులోనే కోత మిషను గీరుతున్న చప్పుడు వినపడింది. బ్యూలా నడక పెంచలేదు. మా ముగ్గురికన్నా నెమ్మదిగా నడిచింది. గేటు తీసింది.

పసుపుపచ్చ డొప్ప నాలుగు నూనె డ్రమ్ముల మీద ఎత్తుగా నిలబడి ఉంది. రెండు తలుపులూ ఊడదీసి గోడకి ఆనించారు. డొప్పకి కొంచెం దూరంగా, వాకిలి మధ్యలో, కింది నేల ఎండలో పడి ఉంది. నాలుగు చక్రాలు, వెనక ఇంజను, నిటారుగా గేరు కర్ర, కుడివైపు ఒక్క సీటు, వెనక బెంచీ. ఎడమ సీటు తీసేశారు. అది ఉండాల్సిన చోట సుద్దతో రెండు గీతలు, మధ్య జానెడు ఎడం. ఒక గీత మీద మూరెడు మేర తెగిపోయి కింద మట్టి కనపడుతోంది. హెక్టర్ చేతిలో మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. అతను కళ్లద్దాలు పైకి నెట్టి మమ్మల్ని చూశాక ఆపాడు.

నేను ఐజాక్‌ని చూశాను. మా ఆయన చేతుల నిండా గ్రీజు. అతను నన్ను చూడకుండా రెంచీ తుడవడం మొదలెట్టాడు.

"మీ సమావేశం తొందరగా అయిపోయిందే" అన్నాడు డెన్జిల్.

బ్యూలా వంగి సుద్ద గీతలు చూసింది.

"నేల ఎలా ఉందో చూద్దామని ఎత్తాం. ఊరికే, చూద్దామని."

"గీతలు?"

"కొలత కోసం."

"కోత?"

హెక్టర్ దగ్గాడు.

"బ్యూలా, విను," అన్నాడు డెన్జిల్. "ఒక్క ఏడాది. ఏడాదిలో ఎంత అందమైన బండి తయారవుతుందో చూడు. నా కోసం చేస్తున్నానా? నిన్ను ఎక్కించుకుని సముద్రం ఒడ్డున తిప్పుతా. అందాకా ఫ్యాక్టరీ బస్సుంది కదా."

"దాన్లో ఎన్ని సీట్లు?"

"బస్సులోనా?"

"నీ అందమైన బండిలో."

"రెండు."

"మేం నలుగురం."

"అందరినీ మోయడానికి నువ్వేమైనా టాక్సీవా? వాళ్లకి మొగుళ్లు లేరా?" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఊర్సులాకి మొగుడు లేడు. చేసుకోనంది. ఎందుకు చేసుకోనందో ఆ వాకిట్లో తెలియనివాళ్లు లేరు.

స్టోఫెల్ అన్నని ఆదుకోబోయాడు. "వదినా, కోపం తెచ్చుకోకు. అసలు కాగితాల మీద బండి అన్న పేరునే కదా ఉంది."

"స్టోఫెల్," అంది బ్యూలా, ఇంకా తగ్గిన గొంతుతో. "నీ పళ్లు ఎవరి పేరున ఉన్నాయి?"

స్టోఫెల్ ఒకడుగు వెనక్కి వేశాడు.

బ్యూలా లంగా కొంచెం పైకి పట్టుకుని నేల అంచు దాటింది. కుడి సీటులో కూర్చుంది. వీపు వాల్చి, కాళ్లు పెడల్స్ మీద పెట్టి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా స్టీరింగు లేదు, అద్దం లేదు. తెల్ల టోపీతో, గ్రీజు మధ్య, గోడకేసి చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు కొయ్యి" అంది.

"సిస్టర్ బ్యూలా, లే అమ్మా," అన్నాడు హెక్టర్. "రవ్వలు పడితే తెల్ల బట్టలు పాడైపోతాయి."

"కొయ్యి హెక్టర్. నీకు జానెడు కావాలి కదా. మధ్యలో నేనున్నాను. నన్ను కలిపి కొయ్యి."

"దిగు బ్యూలా. వీధంతా చూస్తోంది" అన్నాడు డెన్జిల్.

నిజంగానే చూస్తోంది. సిమెంటు పలకల గోడ మీద వరసగా తలలు. మ్యాచి నుంచి తిరిగొస్తున్న మగవాళ్లు సైకిళ్లు ఆపారు.

"చూడనీ. ఎడమ తలుపు బిగించినన్నాళ్లు నిన్నెవరూ చూళ్లేదని కదా నీ ఏడుపు. ఇవాళ చూస్తున్నారు."

ఆ మాట అతనికి తగిలింది. మొహం ఎర్రబడింది. "అవును, ఏడుపే! బతుకంతా ఒక్క తలుపు! నాకంటూ ఒక్కటి చేసుకోకూడదా? ఒక్కటి! నువ్వు తోటలో ట్రాక్టరు తొక్కిన దగ్గర్నుంచీ నీకు కావాల్సింది నువ్వు చేసుకున్నావు. నేనడిగానా ఎప్పుడైనా?"

"చేసుకో. పది చేసుకో. పాము బండి చేసుకో."

"దానికి అవతలి ఫ్యాక్టరీ ఇంజను!"

"ఓహో. అవతలి ఇంజను తెస్తే హెక్టర్ అలుగుతాడు. అందుకని నన్ను మైదానంలో నడవమంటున్నావు. హెక్టర్ అలక్కూ నా కాళ్లకూ తూకం వేశావు, హెక్టర్ అలకే ఎక్కువ తూగింది. అంతేగా?"

డెన్జిల్ కోపంతో పక్కనున్న ఖాళీ డబ్బాని తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలింది. గోడ మీద ఎవరో నవ్వారు.

అప్పుడు ఊర్సులా కదిలింది. మా పక్కనుంచి ముందుకు నడిచి, కోసిన చోటు మీంచి అడుగు వేసి, వెనక బెంచీ మీద తన మూల కూర్చుంది. రోజూ కూర్చునే మూలే. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.

ఆంటీ డోర్కస్ ఒక బీరు సీసాల పెట్టె బోర్లించి, సుద్ద గీతల మీద వేసుకుని, మూలుగుతూ దాని మీద కూర్చుంది. నేను వెళ్లి ఊర్సులా పక్కన కూర్చున్నాను. నలుగురం మా మా చోట్లలో, పైన కప్పు లేకుండా, చుట్టూ గోడలు లేకుండా. గోడ మీద నవ్వులు ఆగిపోయాయి.

డెన్జిల్ బ్యూలాని చూడటం లేదు. ఊర్సులాని చూస్తున్నాడు. ఊర్సులా అతన్ని చూస్తోంది. ఆ పిల్ల ఏ మగవాడి మొహమూ సూటిగా చూడటం అంతకుముందు నేనెరగను. డెన్జిల్ చూపు దించేశాడు.

"హెక్టర్," అన్నాడు, "అది అతుకు."

"ఏంటి?"

"కోసింది అతుకు. చెవుడా?"

"సగం కోతలో ఆపి మళ్లీ అతికితే..."

"అతకడం నీ పనన్నావు కదా. నా బల్ల మీద కూర్చుని, నా అల్లం బీరు తాగి, అతకడం నా పని అన్నావు. అతుకు."

అతుకు వేయడానికి ఎడమవైపు ఖాళీ చేయాలన్నారు. మేం ముగ్గురం దిగాం. బ్యూలా దిగలేదు. హెక్టర్ గోనె సంచులు తడిపి ఆమెకీ అతుక్కీ మధ్య తెరలా కట్టాడు. రవ్వలు సంచుల మీద పడి సుయ్యిమన్నాయి. ఆమె చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది తప్ప జరగలేదు. అతుకు చల్లారాక వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివరిదాకా తడిమి చూసింది. "ఇక్కడ సందుంది" అంది. హెక్టర్ గొణుక్కుంటూ మళ్లీ వేశాడు.

ఎడమ సీటు బిగించారు. ఇక డొప్ప. ఎత్తినప్పుడు నలుగురే ఎత్తారు. ఇప్పుడు ధైర్యం చాలక గోడ మీంచి ఇంకో నలుగురిని పిలిచారు.

"వదినా, ఇప్పుడైనా లేవండి," అన్నాడు స్టోఫెల్. "చెయ్యి జారితే తల మీద పడుతుంది. నా మాట వినండి."

"జారనివ్వకండి."

"ఎందుకమ్మా ఈ మొండితనం?" అన్నాడు మా ఐజాక్.

"నేను లేని రెండు గంటల్లో మీరు ఏం చేశారో ఇందాకే చూశాను ఐజాక్. ఇక లేవను."

టోపీ మాత్రం తీసి నా చేతికిచ్చింది.

ఎనిమిది మంది మగవాళ్లు ఆ డొప్పని ఎత్తి, చిన్న చిన్న అడుగులేసుకుంటూ తెచ్చారు. డెన్జిల్ ముందు కుడివైపు పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నెమ్మది. నెమ్మది. వెనక దించొద్దు. స్టోఫెల్, నీ వైపు వాలుతోంది, ఎత్తు! ఎత్తరా గాడిదా!" పసుపుపచ్చ కప్పు బ్యూలా తల మీదికొచ్చి ఆగింది. కిందికి దిగింది. ఆమె కళ్లు మూసుకోలేదు. అంచు రబ్బరు మీద కూర్చున్న చప్పుడయ్యాక మగవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

బోల్టులు, వైర్లు, పెట్రోలు గొట్టం, స్టీరింగు అన్నీ అయ్యేసరికి నీడలు గోడెక్కాయి. ఆఖరున తలుపులు. ఎడమది డెన్జిల్ చూడకుండానే పెట్టేశాడు. కుడిది పెట్టడానికి తంటాలు పడ్డాడు. రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాడు. ఆ తలుపుకీ ఆమె భుజానికీ మధ్య బెత్తెడు దూరం. అతను రొప్పుతుంటే ఆమె ఎదురుగా అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. సాయం చేయలేదు, వెక్కిరించలేదు.

తలుపు పడింది. డెన్జిల్ కిటికీ మీద చెయ్యేసి వంగాడు.

"అయిపోయింది బ్యూలా. ఎలా ఉండేదో అలాగే ఉంది. ఇక దిగు. ఆకలేస్తోంది అందరికీ."

"అలాగే లేదు" అంది ఆమె. "మొహం చూసి చెప్పమన్నాను ఆ రోజు. చెప్పావు. చూసి చెప్పావు."

తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. డెన్జిల్ పక్కకి తప్పుకున్నాడు. ఆమె వెనక్కి నడిపి గేటు దాటించి, వీధిలోకి వెళ్లి, మా గేటు ముందు హారను కొట్టింది. నేను పరిగెత్తి తీశాను. బండి మా ఇంటి పక్క సందులోకి తెచ్చి ఆపింది.

డెన్జిల్ కంచె దగ్గరికొచ్చాడు. "ఇదేంటి? బండి అక్కడెందుకు?"

"ఇక్కడే ఉంటుంది."

"నా వాకిలికేమైంది?"

"నీ వాకిట్లో కారు కట్టుకుంటావు కదా. చోటు కావాలి."

"అందరి ముందూ ఇంకా ఎంత అవమానం చేస్తావు నన్ను?"

ఆమె తలుపు తాళం వేసి, లాగి చూసింది. కంచె దగ్గరికి రాలేదు. "అవమానం నీకా?" అంది. అంతే అంది. మా గేటులోంచి వీధిలోకి, వీధిలోంచి తన గేటులోకి నడిచి, అతని పక్కనుంచి ఇంట్లోకి వెళ్లింది. ఆ రాత్రి వాళ్లింట్లో పళ్లేల చప్పుడు వినపడింది గాని మాటలు వినపడలేదు. తర్వాత చాలా రోజులు అంతే.

డెన్జిల్ మరుసటి ఏడు పాము బండే కట్టాడు. అవతలి ఫ్యాక్టరీ ఇంజనే తెచ్చాడు. హెక్టర్ అన్నట్టే లైను మీద పక్కన నిలబడటం మానేశాడు. కుర్రాళ్లు కొన్నాళ్లు ఈలలేశారు, తర్వాత వాళ్లే ఒక్కసారి ఎక్కించుకోమని బతిమాలారు. బండి బాగా కుదిరింది. ఆ మాట కాదనలేను. ఒక ఆదివారం అతను దాన్ని గేటు ముందు ఆపి, ఎడమ తలుపు తెరిచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. బ్యూలా లోపల్నుంచి వచ్చి, చెత్త డబ్బా వీధిలో పెట్టి, మళ్లీ లోపలికెళ్లింది.

బీటిల్ మా సందులోనే ఉండిపోయింది. అది పెట్టిన సాయంత్రమే ఐజాక్‌తో అన్నాను, చక్రాల కింద నీ గుమ్మడి పాదులు నలుగుతున్నాయని. అప్పటికి పిందెలు పడ్డాయి వాటికి. బండి ఇంకెక్కడైనా పెట్టుకోమని బ్యూలాతో చెప్పమంటాడేమోనని చూశాను. అతను నా మొహం చూశాడు, కంచె అవతలికి చూశాడు. పార తెచ్చుకుని, ఒక్కో పాదూ తనే తవ్వేసి, నేల చదును చేశాడు.